పొయ్యి మీద బ్యాటు

"దీన్ని ఇక్కడ ఎవులు కట్టినారు?"

గాయత్రి మళ్ళీ అడిగింది. పొయ్యి పక్కన పీట ఎక్కి నిలబడి ఉంది. ఒక చేతిలో కూరలు తరిగే చాకు, రెండో చేతిలో అప్పుడే పొగలోంచి కోసి దించిన టెన్నిస్ రాకెట్.

ఇంట్లో మరో ముగ్గురున్నారు. అత్త దేముడమ్మ పొయ్యి ముందు కూర్చుని సామ జావ కలుపుతోంది. మొగుడు సురేంద్ర గుమ్మంలో కూర్చుని జీపు తాళం వేలికి తిప్పుకుంటున్నాడు. ఎనిమిదేళ్ళ కూతురు బేబి గోడకు ఆనుకుని, కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుని నిలబడింది.

గాయత్రి పీట దిగి రాకెట్‌ను బల్బు కిందికి తెచ్చింది. పోయిన నెల కొన్నప్పుడు ఆకాశం రంగులో మెరిసిపోయిన బ్యాటు అది. ఇప్పుడు దాని రంగేమిటో చెప్పడం కష్టం. బిగించి అల్లిన దారాలు పాత నులక మంచంలా సడలిపోయాయి. మధ్యలో ఒకటి తెగి వేలాడుతోంది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచు వేడికి వంకర్లు తిరిగింది. పిడికి చుట్టిన మెత్తటి పట్టీ కరిగి, పట్టుకుంటే జిగురు అంటుకుంటోంది. ఆమె దారాల మీద వేలు పెట్టి నొక్కింది. వేలు లోపలికి దిగిపోయింది.

రేపు పొద్దున్న పాడేరులో ఎంపిక. విశాఖపట్నం నుంచి టెన్నిస్ కోచ్‌లు వస్తున్నారు. తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్లో కొందరిని ఏరి, విశాఖలో హాస్టల్లో ఉంచి, చదువు చెప్పించి, ఆట నేర్పుతారట. వచ్చే ఏడాదికి బేబికి ఆ వయసు దాటిపోతుంది. బేబి చేతికి సరిపడే బ్యాటు ఇంట్లోనే కాదు, ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లోనే ఇదొక్కటి.

అంగన్‌వాడీ టీచర్ల శిక్షణ అని అరకు వెళ్ళి, వారం తర్వాత ఈ సాయంత్రమే ఇల్లు చేరింది గాయత్రి. భుజం మీది సంచి దించకుండానే మంచం కింద చూసుకుంది. రాకెట్ కవరు ఉంది, రాకెట్ లేదు. మోచేతి వాపు తగ్గేదాకా బేబిని ఆడించొద్దని ఆట నేర్పే ఎజ్రా మాస్టారు గట్టిగా చెప్పారు కాబట్టి ఈ వారం దాన్ని ఎవరూ తీయాల్సిన పని లేదు. బేబిని అడిగితే, మామ్మ భద్రంగా దాచిందని నాన్న చెప్పాడంది.

దేముడమ్మకు భద్రమైన చోటు ఈ ఇంట్లో ఒకటే. పొయ్యి మీద, దూలాల నుంచి వేలాడే వెదురు తడక.

ఈ కొండల్లో ఇంటికి కొత్త సామాను ఏది వచ్చినా ముందు పొగ తాగాలి. గొడ్డలి కర్ర, చేట, బుట్ట, విత్తనానికి ఉంచిన మొక్కజొన్న కంకులు, అన్నీ ఆ తడక మీదికి ఎక్కాల్సిందే. పొగ పట్టిన కర్రకు పురుగు పట్టదు, దిష్టి తగలదు. పోయిన మామగారి విల్లు ఇప్పటికీ అక్కడే ఉంది, నల్లగా నిగనిగలాడుతూ. ఆ విల్లు పక్కనే, కంకుల చాటున, బేబి బ్యాటు వేలాడుతూ కనిపించింది.

"అత్తా, నిన్నే అడుగుతన్నాను."

దేముడమ్మ గరిటె ఆపింది. తల ఎత్తి ఒక్కసారి కొడుకు వంక చూసింది. కొడుకు తాళం తిప్పడం మానేశాడు. గాయత్రి ఆ చూపు చూసింది గాని, ముసలమ్మ కొడుకు అండ వెతుక్కుంటోందనుకుంది.

"నానే కట్టినాను," అంది దేముడమ్మ. "కొత్త సామానం కాదేటి. పొగ తగలకపోతే నిలవదు."

"ఇదేటి మామ విల్లనుకున్నావా, గొడ్డలి కర్రనుకున్నావా పొగలో ఎయ్యడానికి?" అంది గాయత్రి. "ఇది పిల్ల బతుకు. తీసికెల్లి పొయ్యి మీద ఉరేసినావు."

ముసలమ్మ మారు మాట్లాడలేదు. తిడితే తిరిగి తిట్టే మనిషితో పోట్లాడవచ్చు. ఊరుకునే మనిషితో ఏం చేస్తాం? ఆ మౌనానికి గాయత్రి ఒళ్ళు ఇంకా మండిపోయింది. నోటికి వచ్చినవన్నీ అనేసింది. పిల్ల విశాఖ పోవడం ఇష్టం లేకే ఇలా చేశావంది. హాస్టల్ మాట వచ్చిన నాటి నుంచి మొహం మాడ్చుకునే తిరుగుతున్నావంది. తోటలో పని చెయ్యడానికి నీకు చెయ్యి పోయింది కాబట్టి, ఆ పని చెయ్యడానికి నా కూతుర్ని ఇక్కడే కట్టి పడేద్దామనుకున్నావంది.

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. మిరియాలు కోస్తూ నిచ్చెన మీంచి పడి దేముడమ్మ కుడి భుజం జారిన రోజున, ఆ మనిషిని వీపు మీద వేసుకుని రోడ్డు దాకా మోసింది గాయత్రే. ఇవాళ్టికీ రోజూ పొద్దున్న అత్త తల దువ్వి కొప్పు పెట్టేది గాయత్రే. ఆ చెయ్యిని ఎత్తి చూపడం ఎంత తప్పో మాట నోరు దాటుతుండగానే తెలిసింది. తెలిసినా వెనక్కి తీసుకోలేదు. తీసుకునే మనసు కూడా అప్పుడు లేదు.

దేముడమ్మ జావ గిన్నె పొయ్యి మీంచి ఎడమ చేత్తో దించి కింద పెట్టింది. మూత వేసింది.

"రేపు పొద్దుట నాను కనక ఇంటికి ఎల్లిపోతాను," అంది.

కనక ఆమె కూతురు. పై ఊళ్ళో ఉంటుంది. అక్కడికి జీపు దారి లేదు, కొండ ఎక్కి పోవాల్సిందే.

"ఎల్లు," అంది గాయత్రి.

కన్నతల్లిని పెళ్ళాం వెళ్ళిపొమ్మంటే ఎలాంటి కొడుకైనా లేచి నిలబడతాడు. ఒక్క మాటైనా అంటాడు. సురేంద్ర అనలేదు. తాళం జేబులో వేసుకుని, తల వంచుకుని వాకిట్లోకి పోయాడు. బేబి మాత్రం మామ్మ దగ్గరికి జరిగి, ఆమె పక్కన కూర్చుని, ఆమె చీర కొంగు చివర వేలికి చుట్టుకుంది.

ఊళ్ళో ఫోను అందేది ఒక్క చోటే. దారి మలుపులో, మిరియాల తీగ పాకిన సిల్వర్ ఓక్ చెట్టు కింద. గాయత్రి ఆ మసి బ్యాటును చేత్తో పట్టుకునే అక్కడికి వెళ్ళింది, ఫోనులోంచి మాస్టారికి చూపించగలిగినట్టు.

ఎజ్రా మాస్టారు మిషన్ బడిలో ఆటల మాస్టారు. బడి ఆవరణలో ఎప్పటిదో పాత సిమెంటు కోర్టు ఒకటి ఉంటే, ఎండాకాలం సెలవుల్లో పగుళ్ళు తనే పూడ్చుకుని పిల్లలకు టెన్నిస్ నేర్పడం మొదలుపెట్టాడు. ఆ పొద్దున్నే తన కూతురు డాలీనీ, మరికొందరు పెద్ద పిల్లల్నీ వెంటబెట్టుకుని పాడేరు వెళ్ళిపోయాడు. వాళ్ళందరివీ పెద్ద బ్యాట్లు. బేబి వయసు వాళ్ళకు పనికొచ్చేది అక్కడ ఒక్కటీ లేదని ముందే చెప్పేశాడు. వేడికి సాగిన దారాలు మళ్ళీ బిగించాలంటే దానికి మిషను కావాలనీ, అది విశాఖలో తప్ప లేదనీ అన్నాడు. 

"ఆ పొడుగు బ్యాటు మాత్రం తేవద్దమ్మా," అన్నాడు చివరికి. "ఆ చెయ్యి ఇంకా మానలేదు. దాంతో ఆడిస్తే ఇంక ఎప్పటికీ ఆట ఉండదు. అంతకంటే రాకపోవడమే నయం."

రాకపోతే వచ్చే ఏడు లేదు కదా మాస్టారూ అని అడగబోయింది. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు. ఫోను పెట్టేసింది.

ఈ పొడుగు బ్యాటు గొడవ వానాకాలం నుంచి ఉంది. అంతకు ముందు బేబి ఆడింది డాలీ చిన్నప్పటి బ్యాటుతో. అది ఒకరోజు సిమెంటు మీద పడి విరిగింది. నా కూతురు ఇంకొకరు వాడి పారేసిన దానితో ఆడేదేమిటి, నేను కొంటానన్నాడు సురేంద్ర. కాఫీ బస్తాలు దింపడానికి విశాఖ వెళ్ళినప్పుడు కొట్టుకు పోయి, ఉన్నవాటిలోకి మంచిది చూపించమన్నాడు. పిల్ల ఎంత ఎత్తుంటుందని కొట్టువాడు అడిగాడట. పెరిగే పిల్ల, పెద్దదే ఇయ్యి అన్నాడట ఈయన. చెప్పులు కొంటే వేలెడు ఖాళీ ఉండేలా కొంటాడు. యూనిఫారం కుట్టిస్తే రెండేళ్ళకు సరిపడా గుడ్డ లోపలికి మడిపిస్తాడు. బ్యాటు కూడా అలాగే కొన్నాడు. ఎర్రగా, నిగనిగలాడుతూ, జిప్పు కవరులో పెట్టి తెచ్చాడు. ఆ రాత్రి బేబి దాన్ని పక్కలో వేసుకుని పడుకుంది. సురేంద్ర మొహం వెలిగిపోయింది. పాపం, అంత సంతోషంగా ఆ మనిషిని గాయత్రి పెళ్ళిలో కూడా చూడలేదు.

మర్నాడు కోర్టులో బేబి ఆ బ్యాటును ఒక్క ఊపు ఊపింది. బ్యాటు బేబిని తిప్పి కింద పడేసింది. పిల్లలంతా ఒక్కసారిగా నవ్వారు. ఎజ్రా మాస్టారు బేబిని లేపి నిలబెట్టి, చెయ్యి కిందికి వదలమన్నాడు. బ్యాటు కొన నేలకు రాసుకుంది. చిన్నపిల్లలకు బ్యాటు కొనేటప్పుడు చూడాల్సింది ఇదే, చెయ్యి వదిలితే కొన నేలకు తగలకూడదు, పిడి చుట్టూ వేళ్ళు తిరగాలి, బరువు మణికట్టు మీద పడకూడదు అని అందరికీ వినపడేలా చెప్పాడు. చెప్పి ఊరుకున్నా బాగుండేది. ఇది మీరు ఆడుకోవాల్సిన బ్యాటు సురేంద్రా అన్నాడు నవ్వుతూ. మళ్ళీ అందరూ నవ్వారు.

ఆ సాయంత్రం నుంచి సురేంద్ర పంతం పట్టాడు. జీపు ఆపగానే వాకిట్లో పిల్ల చేతికి ఆ ఎర్ర బ్యాటు ఇచ్చి, గోడకు బంతి కొట్టించేవాడు. అలవాటు పడితే అదే వస్తుందనేవాడు. బేబి ఎదురు చెప్పే పిల్ల కాదు. మోచెయ్యి వాచిందాకా కొట్టింది.

అప్పుడు గాయత్రి మొగుడికి చెప్పకుండా ఒక పని చేసింది. మిషన్ బడి వ్యాను విశాఖ పోతుంటే బేబిని తీసుకుని మాస్టారితో కలిసి వెళ్ళింది. కొట్లో మాస్టారు ఒక్కొక్కటే తీసి బేబి చేతికిచ్చాడు. ఒకటి పొడుగు సరిపోయింది గాని పిడి లావైంది. ఇంకొకటి చేతికి తేలిగ్గానే ఉంది గాని, బరువంతా తలవైపు ఉండి ఊపితే ముందుకు లాగింది. కొట్టువాడు విసుక్కున్నా మాస్టారు వదల్లేదు. ఆకాశం రంగుది చేతిలోకి రాగానే బేబి కళ్ళు మూసుకుని గాలిలో ఒకసారి ఊపింది. ఇది నా చెయ్యే అమ్మా అంది.

ఇప్పుడు ఆ బ్యాటు మసి గాయత్రి అరచేతికి అంటుకుని ఉంది.

ఆమె ఇంటికి వచ్చేసరికి సురేంద్ర అరుగు మీద కూర్చుని ఎర్ర బ్యాటును తడిగుడ్డతో తుడుస్తున్నాడు. అంత శ్రద్ధగా జీపు అద్దం కూడా తుడవడు.

"రేపు దీన్తో ఆడతాది," అన్నాడు తల ఎత్తకుండా.

"ఆడదు. మాస్టారు వొద్దన్నారు."

"మాస్టారేటి దానికి తండ్రా? నాను తండ్రిని."

"తండ్రివైతే దాని మోచెయ్యి సూడు."

గాయత్రి బేబిని పిలిచి గోడకు ఆనించి నిలబెట్టింది. ఆ గోడ మీద బొగ్గుతో గీసిన గీతలున్నాయి. అంగన్‌వాడీలో పిల్లల ఎత్తు కొలిచినట్టే, ప్రతి పుట్టినరోజుకూ బేబి ఎత్తు అక్కడ గీస్తుంది. సురేంద్ర చేతిలోంచి బ్యాటు లాక్కుని పిల్ల చేతికిచ్చింది. చెయ్యి వదిలెయ్యమంది. బ్యాటు కొన నేలకు టక్కున తగిలింది. కొన పైకి లేపడానికి బేబి మోచెయ్యి వంచింది. పెదవి కొరుక్కుంది. అబ్బా అనలేదు.

"పెరుగుతాది," అన్నాడు సురేంద్ర.

"రేపటికా?"

సురేంద్ర లేచాడు. బ్యాటు మళ్ళీ తీసుకుని జిప్పు కవరులో పెట్టాడు. జీపు పొద్దున్నే తీస్తాను, వచ్చేవాళ్ళు రండి, రానివాళ్ళు మానండి అని గోడకు చెప్పినట్టు చెప్పాడు. ఆ పూట ఎవరూ జావ తాగలేదు. మూత కింద అది గడ్డ కట్టింది. దేముడమ్మ చాప తీసుకుపోయి అరుగు మీద పరుచుకుంది. అత్తా, చలి, లోపలికి రా అని ఎప్పుడూ అనే గాయత్రి ఆ పూట అనలేదు.

తెల్లారింది. లోయ నిండా మంచు.

గాయత్రి బేబికి నీళ్ళు పోసింది. ఎంపిక కోసమని తనే కుట్టిన తెల్ల గౌను తొడిగింది. మోచేతికి ఇప్పనూనె రాసి మెత్తటి గుడ్డ చుట్టింది. రాత్రంతా వద్దు వద్దు అనుకున్న మనిషే. తెల్లారేసరికి ఏమైందో ఏమో, ఒక్క పూటకు చెయ్యి విరిగిపోదులే అనుకుంది. కోచ్‌లు చూసేది ఒక్క పూట. ఆ తర్వాత వాళ్ళే మంచి బ్యాటు ఇస్తారు. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా గుడ్డ బిగించి ముడి వేసింది.

"నొప్పెడితే సెప్పు," అంది.

"నొప్పెట్టదమ్మా," అంది బేబి. అమ్మ ఏ జవాబు కోరుకుంటోందో ఆ పిల్లకు తెలుసు.

సురేంద్ర జీపు స్టార్ట్ చేశాడు. బేబి ముందు సీట్లో ఎక్కి, ఎర్ర బ్యాటును కవరులోంచి తీసి మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుంది. గాయత్రి వెనక సీట్లోకి ఎక్కబోతుంటే దేముడమ్మ చిన్న మూటతో అరుగు దిగింది. కొడుకును చూడలేదు, కోడలిని చూడలేదు. మనవరాలి తల మీద ఎడమ చెయ్యి పెట్టి తీసి, కాఫీ మొక్కల మధ్య నుంచి పైకి పోయే బాట పట్టింది.

ఆమె జుట్టు విడిపోయి వీపు మీద పడి ఉంది. నెరిసిన జుట్టు, చిక్కులు పడి. గాయత్రి ఈ ఇంటికి వచ్చాక అత్త జుట్టు విరబోసుకుని వీధిలోకి పోవడం ఏనాడూ చూడలేదు. రోజూ చేసే పని కాబట్టి గాయత్రి చూపు దానంతటదే ఇంటి కిటికీలో ఉన్న దువ్వెన వైపు పోయింది. ఎవరు దువ్వుతారు మరి, ఆవిడ చెయ్యి చెవి దాటి పైకి లేవదు కదా అనుకుంది.

అనుకున్నది అక్కడే ఆగిపోయింది.

చెయ్యి లేవదు.

గాయత్రి జీపు దగ్గర నుంచి వెనక్కి తిరిగి ఇంట్లోకి నడిచింది. పొయ్యి ముందు నిలబడి తడక వంక చూసింది. నిన్న తనకే పీట ఎక్కి, మునివేళ్ళ మీద లేస్తే గాని అందలేదు. ఒంటి చేత్తో అక్కడ ముడి వెయ్యడం ఎవరి తరమూ కాదు. కింద బూడిదలో తను కోసి పారేసిన కట్టు పడి ఉంది. తీసి దులిపింది. నల్లటి రబ్బరు. జీపు పాత ట్యూబు చీల్చిన పట్టీ. దేముడమ్మ ఏది కట్టినా అడవి నుంచి తెచ్చిన అడ్డ తీగ నారతో కడుతుంది. ఈ ఇంట్లో ట్యూబు పట్టీలతో కట్టే మనిషి ఒక్కడే. జీపు మీద బస్తాలు, దడి తలుపు, బకెట్టు పిడి, అన్నిటికీ అవే పట్టీలు, అదే ముడి.

నిన్న సాయంత్రం ముసలమ్మ కొడుకు వంక ఎందుకు చూసిందో ఇప్పుడు తెలిసింది.

గాయత్రి బయటికి వచ్చి ఆ పట్టీని సురేంద్ర మొహం ముందు పట్టుకుంది.

"ఇది నీ ముడి."

సురేంద్ర దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. "అమ్మ ఒప్పుకున్నాది కదా."

"అత్త తన కొప్పు తాను కట్టుకోనేదు."

ఇంజను కొట్టుకుంటూనే ఉంది. కాసేపటికి సురేంద్ర తాళం తిప్పి ఆపేశాడు. కొండ మీద గెద్దల అరుపు వినపడింది.

ఎండలో జీపులో ఉంచినా చాలు దారాలు పాడవుతాయని మాస్టారు నీ ఎదురుగానే చెప్పాడు కదా అని గాయత్రి అడిగింది. అతను కాదనలేదు. తెలిసే చేశావా అని అడిగింది. దానికీ కాదనలేదు.

"అందరూ నవ్వినారు," అన్నాడు చివరికి. స్టీరింగును చూస్తూ చెప్పాడు. "అది పడిపోయినప్పుడు అందరూ నవ్వినారు. నువ్వూ నవ్వినావు."

గాయత్రి నవ్విన మాట నిజం. ఖాళీ జిప్పు కవరు చేత్తో పట్టుకుని కోర్టు పక్కన వెర్రివాడిలా నిలబడ్డ మొగుణ్ణి చూసి నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకుంది. అతను చూడలేదనుకుంది.

"నాను తెచ్చినది పనికిరానేదు. నన్నొక మాట అడక్కుండా ఎల్లి ఇంకోటి తెచ్చినారు. నా బ్యాటుతో అది ఒక్క రోజు ఆడితే సూడాలనుకున్నాను. అంతే."

"మరి నిన్న అత్తని అన్నేసి మాటలు అంటంటే?"

సురేంద్ర స్టీరింగును రెండు చేతులతో పట్టుకున్నాడు. బ్యాటును పొగలో వేసినందుకు కాదు, తల్లి తన కోసం అబద్ధం ఆడుతుంటే ఆడనిచ్చి, తిట్లు తింటుంటే తిననిచ్చి, గడప దాటుతుంటే దాటనిచ్చినందుకు గాయత్రికి ఆ మనిషి మొహం చూడబుద్ధి కాలేదు. అయితే ఆ తిట్లు తిట్టిన నోరు తనది. వెళ్ళు అన్న నోరు తనది. అది ఎవరి మీదికి తొయ్యాలి?

"అమ్మా," అంది బేబి జీపులోంచి. "కనకత్త ఇంటి కాడ మామ్మ తల ఎవులు దువ్వుతారు?"

గాయత్రి బాట వంక చూసింది.

"నువ్వు అరకు ఎల్లినప్పుడు నానే దువ్వినాను. నాకు కొప్పు పెట్టడం కూడా వొచ్చీసినాది."

బేబి జీపు దిగింది. కిటికీలోంచి దువ్వెన తీసుకుంది. కాఫీ మొక్కల మధ్య బాట వైపు నడిచింది. ఎర్ర బ్యాటు ఇంకా కుడి చేతిలోనే ఉంది. దాన్ని ఎత్తి పట్టుకోవడానికి ఆ చేతికి బలం లేదు. కొన నేలకు రాసుకుంటూ, తడి మట్టిలో గీత గీసుకుంటూ అది బేబి వెంట పోయింది.

ఇప్పుడు బయలుదేరితేనే పాడేరు వేళకు అందేది. సురేంద్ర తాళం మీద చెయ్యి వేశాడు, తిప్పలేదు. పైన మలుపు దగ్గర దేముడమ్మ ఆగింది. అడుగుల చప్పుడు విందేమో, వెనక్కి తిరిగి చూసింది.

పిలిస్తే వినపడే దూరంలోనే ఉన్నారు ఇద్దరూ. గాయత్రి నోరు తెరిచింది. పిల్లను జీపు ఎక్కమని పిలవాలో, అత్తను ఇంటికి రమ్మని పిలవాలో తేలక, ఆ నోరు అలాగే ఉండిపోయింది.